అమ్మ నడుము వంకరకు చిన్న గాట్ల ఫ్యూజన్ సర్జరీ అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

నీలిగోరింట

అందరికీ నమస్కారం. మా అమ్మకు 68 ఏళ్లు. డీజెనరేటివ్ స్కోలియోసిస్ (అరుగుదల వల్ల వెన్ను పక్కకు వంగడం) అని తేల్చారు. నడుము భాగంలో కాబ్ యాంగిల్, అంటే వంకర కొలత, 34 డిగ్రీలు. వయసులో ఉన్నప్పుడు వంకర ఏమీ లేదు, యాభై దాటాకే మొదలైంది. కాసేపు నిలబడితే చాలు ఎడమ కాలు పిరుదు నుంచి పిక్క దాకా లాగేస్తుంది. కూర్చుంటే తగ్గిపోతుంది. వంట మధ్యలో స్టవ్ గట్టు మీద మోచేతులు ఆన్చి ముందుకు వంగి నిలబడుతుంది, అలా అయితే హాయిగా ఉందట.

ఫిజియో, మాత్రలు, వెన్నులో ఇంజెక్షన్ అన్నీ అయ్యాయి. ఇంజెక్షన్ కొన్నాళ్లు పనిచేసి, తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు ఒక సర్జన్ పక్క నుంచీ వెనక నుంచీ చిన్న గాట్లతో, రెండు దశల్లో ఫ్యూజన్ (పూసలను ఒకదానితో ఒకటి అతికించడం) చేద్దామంటున్నారు. ఇంకొకాయన ఓపెన్ సర్జరీయే మేలన్నారు. మూడో ఆయన ఈ వయసులో అసలు జోలికి పోవద్దన్నారు. ఎవరి మాట వినాలో తెలియక ఇంట్లో అందరికీ టెన్షన్. వెన్ను పూర్తిగా తిన్నగా అవుతుందా? గాట్లు చిన్నవైతే రిస్క్ కూడా తక్కువేనా?

ఎల్4ఎల్5

నీలిగోరింట గారూ, దాదాపు ఇదే సర్జరీ నాకు జరిగింది. నడుము పూసల్లో రెండోదైన ఎల్2 నుంచి ఐదోదైన ఎల్5 దాకా పక్క నుంచి కేజ్‌లు (పూసల మధ్య కూర్చోబెట్టే దిమ్మలు) పెట్టారు, వెనక నుంచి చర్మం గుండా స్క్రూలు, రాడ్లు వేశారు. ఇది ఒక్కడి అనుభవం, అలాగే చదవండి.

పూర్తిగా తిన్నగా అవుతుందా అని మా ఆవిడ కూడా అడిగింది. కాదని ముందే చెప్పారు. నా వంకర ఇప్పటికీ పది డిగ్రీలకు కాస్త పైనే ఉంది. కాలి లాగుడు మాత్రం పోయింది. నడుము నొప్పి తగ్గింది, పోలేదు. నరం నొక్కుకుపోవడం వల్ల వచ్చే కాలి నొప్పికి ఉన్నంత భరోసా నడుము నొప్పికి ఉండదు. అమ్మగారిని ఎక్కువ బాధపెడుతున్నది ఏదో ముందు ఆవిడనే అడగండి. మా ఇంట్లో అందరూ నా వీపు వంకర గురించే మాట్లాడుకునేవారు, నన్ను చంపింది కాలు.

ఇక గాట్లంటారా, బయటికి చిన్నవే. లోపల జరిగే పని పెద్దదే. ఎవరైనా "చిన్న ఆపరేషనే" అంటే నమ్మకండి.

ఫిల్ముల_మనిషి

నేను ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తాను. రిపోర్ట్ రాసేది నేను కాదు, కానీ రోజూ ఇవే తీస్తాను కాబట్టి ఒక మాట.

34 డిగ్రీలన్నది ముందు నుంచి తీసిన ఫిల్ములో కొలిచిన లెక్క. పక్క నుంచి తీసింది ఉందా? అదీ నడుము వరకే కాదు, మెడ నుంచి తుంటి కీళ్ల దాకా, నిలబెట్టి తీసింది? మెడ అడుగున ఉండే సీ7 పూస మధ్య నుంచి నిట్టనిలువుగా ఒక గీత గీసి, అది త్రికాస్థి (నడుము పూసల కింద ఉండే ఎముక) వెనక పైమూలకు ఎంత ముందు పడుతోందో కొలుస్తారు. 5 సెంటీమీటర్ల లోపు అయితే మామూలుగా పరవాలేదంటారు. అంతకు మించితే మనిషి ముందుకు ఒరిగిపోతున్నట్టు. 2005లో గ్లాస్‌మన్ బృందం ప్రచురించిన పరిశోధన ఈ ముందుకు ఒరగడానికీ బాధకూ ఉన్న సంబంధాన్ని గట్టిగా చూపించింది. పక్కకు ఉన్న వంకర డిగ్రీలకు అంత సంబంధం కనిపించలేదు.

చాలామంది ఎమ్మారై ఒక్కటే పట్టుకొని వస్తారు. ఎమ్మారై పడుకోబెట్టి తీస్తారు కదా, పడుకున్నప్పుడు వెన్ను కొంత సర్దుకుంటుంది. నరాలు ఎక్కడ నొక్కుకున్నాయో దాన్లో బాగా తెలుస్తుంది, నిలబడ్డప్పుడు ఒళ్లు ఎటు వాలుతోందో తెలియదు.

కుదురుమనిషి

మా నాన్నగారికి ఓపెన్ చేశారు, పైన టీ10 (ఛాతీ వెనక పదో పూస) నుంచి కింద పెల్విస్ (కటి ఎముక) దాకా. చాలా రక్తం పోయింది, ఐసీయూలో ఉన్నారు, కోలుకోవడానికి ఏడాది పట్టింది. అయినా ఇవాళ తలెత్తుకొని నడుస్తున్నారు. చిన్న గాట్లతో పని అయిపోతుందంటే నాకు నమ్మకం లేదు. కేజ్ పెడితే వెన్ను ఎంత తిరుగుతుంది చెప్పండి? నాలుగేళ్ల తర్వాత మళ్లీ టేబుల్ ఎక్కాల్సి వస్తే మొదటిసారి పెద్దగా చేయించుకోవడమే నయం కదా.

థియేటర్_సిస్టర్

కుదురుమనిషి గారి అనుమానం సబబే, కాకపోతే సగం. స్పైన్ ఓటీలో చాలాకాలంగా ఉన్నాను, నేను చూసినది చెబుతాను.

పక్క నుంచి చేసే పద్ధతిని ఎక్స్‌లిఫ్ అనీ ఎల్‌లిఫ్ అనీ అంటారు. బ్రెజిల్ సర్జన్ లూయిజ్ పిమెంటా దీనికి ఆద్యుల్లో ఒకరు, 2006లో వచ్చిన పేపర్‌తో బాగా వాడుకలోకి వచ్చింది. పేషెంట్‌ను ఒక పక్కకు పడుకోబెట్టి, నడుము పక్క నుంచి సోయాస్ కండరం మధ్యగా, పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ దగ్గరికి వెళ్తారు. చాలాసార్లు వంకర లోపలికి ఉన్న వైపు నుంచే వెళ్తారు, అటు పూసలు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ఒకే గాటు నుంచి రెండు మూడు డిస్కులు అందుతాయి. అరిగిన డిస్క్ తీసేసి, ఆ ఖాళీలో వెడల్పాటి కేజ్ కూర్చోబెడతారు. అది పూస ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంటుంది. పూసకు అంచుల్లోనే గట్టి ఎముక. కుంగిన పక్క ఎత్తు లేవగానే వంకర చాలావరకు అక్కడే సర్దుకుంటుంది, నరం బయటికి వచ్చే దారి కూడా దానంతటదే తెరుచుకుంటుంది. వెనక ఎముక కొయ్యకుండానే నరానికి చోటు దొరుకుతుందన్నమాట. అందరికీ అలా జరగదు. వెన్నులో నరాల నాళం బాగా మూసుకుపోయినవాళ్లకు వెనక నుంచి కూడా తెరవాల్సిందే.

ఇక కుదురుమనిషి గారి పాయింట్. పక్కకు ఉన్న వంకరను సరిచేయడంలో ఈ పద్ధతి దిట్ట. నడుము లోపలికి ఉండాల్సిన ఒంపు, అదే లార్డోసిస్, దాన్ని తేవడంలో కాస్త బలహీనం. మామూలు కేజ్ ఒక్కోటి కొద్ది డిగ్రీలే ఇస్తుంది. ఎక్కువ కావాలంటే పూసల ముందు ఉండే లిగమెంట్‌ను కోసి 20, 30 డిగ్రీల వాలున్న కేజ్ పెట్టే పద్ధతి ఉంది, ఏసీఆర్ అంటారు. ఆ లిగమెంట్‌కు ఎదురుగానే పెద్ద రక్తనాళాలుంటాయి. చేయి తిరిగినవాళ్లే ముట్టుకోవాల్సిన పని.

అట్టడుగున ఎల్5, ఎస్1 (త్రికాస్థి పైభాగం) మధ్యకు పక్క నుంచి వెళ్లలేం, తుంటి ఎముక అడ్డం. అక్కడ పొట్ట వైపు నుంచో వెనక నుంచో వెళ్లాలి. మీ సర్జన్ ఆ డిస్క్‌ను ఏం చేస్తానన్నారో కనుక్కోండి. రెండు దశలు అన్నారంటే భయపడక్కర్లేదు. మొదటి దశ అయ్యాక నిలబెట్టి మళ్లీ ఎక్స్‌రే తీసి, ఎంత సర్దుకుందో చూసి రెండోదాన్ని కుదించుకుంటారు. ఒక్కోసారి వెనక చేయాల్సిన పని అనుకున్నదానికంటే తగ్గుతుంది.

కుదురుమనిషి

అంటే ఒంపు ఎక్కువ తేవాల్సిన వాళ్లకు ఓపెనే గతి అని మీరూ ఒప్పుకున్నట్టే.

థియేటర్_సిస్టర్

వెన్ను బిగుసుకుపోయినవాళ్లకు అవును. ఎముకలు అతుక్కుపోయి, పడుకున్నా వంకర కదలని వెన్నుకు వెనక నుంచి ఎముక కోసి తిప్పాల్సిందే. ఎవరికి చిన్న గాట్లు సరిపోతాయో తేల్చడానికి ముమ్మనేని బృందం 2014లో మిస్‌డెఫ్ అని ఒక వర్గీకరణ ఇచ్చింది, 2019లో సవరించారు. దాని సారం ఏమిటంటే అసమతుల్యం ఎంత, అది ఎంత బిగుసుకుపోయింది అన్నవే దారి చూపాలి. మీ నాన్నగారి ఎక్స్‌రే నేను చూడలేదు, ఆయనకు ఓపెనే సరైనది అయుండొచ్చు.

మోడరేటర్

చర్చ బాగుంది. ఇక్కడ రాసేవి సమాచారం కోసమే, వైద్య సలహా కాదు. ఆస్పత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు రాయకండి, రాసిన రెండు పోస్టులు తీసేశాను.

ఫిజియో_అక్క

నీలిగోరింట గారూ, అమ్మగారు స్టవ్ గట్టుకు ఆని ముందుకు వంగుతున్నారన్నది ముఖ్యమైన సంగతి. ముందుకు వంగితే నరాల నాళం కాస్త తెరుచుకుంటుంది, అందుకే హాయి. స్టెనోసిస్ (ఆ నాళం ఇరుకవడం) ఉన్నవాళ్లు సైకిల్ తొక్కగలరు, నడవలేరు, ఇదీ అదే. కాకపోతే ఆవిడ ముందుకు ఒరగడం నొప్పి తప్పించుకోవడానికా, లేక నడుము ఒంపు పోయి తిన్నగా నిలబడలేకనా అన్నది వేరు చేసి చూడాలి. మొదటిదైతే నరాలకు చోటిస్తే చాలు, మనిషి తనంతట తానే తిన్నబడొచ్చు.

ఇంట్లో ఒకటి గమనించండి. పొద్దున లేవగానే ఎలా నిలబడుతున్నారు, సాయంత్రం ఎలా నిలబడుతున్నారు? ఒంపు పోయినవాళ్లు పొద్దున బాగానే ఉంటారు, పొద్దుపోయేకొద్దీ ఒరుగుతారు. పడిపోకుండా ఉండటానికి పిరుదులు వెనక్కి తిప్పి, మోకాళ్లు వంచి నిలబడతారు. తొడల ముందు కండరాలు అలసిపోయి "కాళ్లు పీకుతున్నాయి" అంటారు, ఇంట్లోవాళ్లు మోకాళ్ల అరుగుదల అనుకుంటారు.

వ్యాయామంతో వంకర తగ్గదు. ఎవరైనా తగ్గిస్తామంటే డబ్బు దండగ. నొప్పి తగ్గుతుంది, నడక పెరుగుతుంది, సర్జరీ చేసినా చేయకపోయినా ఒంట్లో ఆ బలం పనికొస్తుంది.

వద్దనుకున్నాను

నేను రెండో పక్క నుంచి రాస్తున్నాను. 71 ఏళ్లు, వంకర మీ అమ్మగారికంటే ఎక్కువే. సర్జరీ వద్దనుకున్నాను. కాళ్లలో బలం తగ్గలేదు, మూత్రం ఇబ్బంది లేదు, ఊతకర్రతో నా పనులు నేను చేసుకుంటాను. ఏటా ఎక్స్‌రే తీయించుకుంటాను, వంకర ఏడాదికి డిగ్రీ అటూ ఇటూ.

2019లో ఉత్తర అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. నడుము స్కోలియోసిస్ ఉన్న పెద్దవాళ్లను సర్జరీ, సర్జరీ లేకుండా అని చీటీ వేసి విడదీశారు. సర్జరీ లేని గుంపులో పడినవాళ్లలో సగానికి పైగా మధ్యలో సర్జరీ వైపు వెళ్లిపోయారు, అందువల్ల చీటీ ప్రకారం పోలిస్తే తేడా తేలలేదు. నిజంగా ఎవరు ఏం చేయించుకున్నారన్న లెక్కన చూస్తే సర్జరీ వాళ్లకే ఎక్కువ మెరుగు. మా అబ్బాయి నాకు చదివి వినిపించాడు. నాకు అర్థమైంది ఒకటే, భరించగలిగినవాళ్లు ఆగొచ్చు, ఆగినవాళ్ల నొప్పి దానంతటది పెద్దగా తగ్గదు. అది తెలిసే ఆగాను.

నీలిగోరింట

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థ్యాంక్స్. నిలబెట్టి నిండా ఎక్స్‌రే తీయించాం. రిపోర్ట్‌లో ఉన్నది:

సీ7 గీత 7 సెంటీమీటర్లు ముందుకు. పెల్విక్ ఇన్సిడెన్స్ 56. లంబార్ లార్డోసిస్ 30. పెల్విక్ టిల్ట్ 27. ఎల్3 పూస ఎల్4 మీద పక్కకు జరిగింది. డెక్సాలో (ఎముక సాంద్రత పరీక్ష) తుంటి టీ స్కోర్ మైనస్ 2.7, నడుముది మైనస్ 1.1.

ఎమ్మారైలో ఎల్3, ఎల్4 మధ్య ఎడమ పక్క నరం బాగా నొక్కుకుంది. పడుకోబెట్టి తీసిన సీటీలో వంకర 34 నుంచి 21కి తగ్గింది. పిరుదులు వెనక్కి తిప్పి నిలబడటం అచ్చం మా అమ్మే, ఫిజియో అక్క చూసినట్టే రాశారు. నడుము ఎముక కొంచెం బలహీనం, తుంటిది ఎక్కువ బలహీనం అని ఇంట్లో అనుకుంటున్నాం. సరేనా?

ఫిల్ముల_మనిషి

సరి కాదు, అది ముఖ్యం. నడుములో డెక్సా నమ్మొద్దు. అరిగిన వెన్నులో ముళ్లలా ఎముక పెరుగుతుంది, కీళ్లు గట్టిపడతాయి. యంత్రం వాటినీ ఎముక కిందే లెక్కేసి స్కోర్ ఎక్కువ చూపిస్తుంది. తుంటి స్కోరే నిజం. మైనస్ 2.5కు కిందికి పోతే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారడం. సీటీ ఉంది కాబట్టి పూస లోపలి సాంద్రత హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో చూడమని అడగండి, కొత్తగా ఏమీ తీయక్కర్లేదు, ఉన్న బొమ్మల్లోనే కొలుస్తారు.

థియేటర్_సిస్టర్

లెక్కలు చెబుతాను, నిర్ణయం మీ సర్జన్‌ది.

పెల్విక్ ఇన్సిడెన్స్ అన్నది ఎవరి కటి నిర్మాణం వాళ్లది, పెద్దయ్యాక దాదాపు మారదు. నడుము ఒంపు దానికి పది డిగ్రీల అటూఇటూ ఉండాలని ష్వాబ్ అనే వెన్ను సర్జన్ సూత్రం. అమ్మగారికి 56కు 30, అంటే 26 తక్కువ. కటి వెనక్కి తిరిగిపోవడం, అదే పెల్విక్ టిల్ట్, 20 దాటింది, ఒళ్లు ఎంత తంటాలు పడి నిలబడుతోందో అదే చెబుతోంది. అయితే మొత్తం 26 తెచ్చి పెట్టాలనేమీ లేదు. పెద్ద వయసువాళ్లకు లక్ష్యం సడలించి పెట్టుకోవాలని లఫాజ్ బృందం 2016లో చూపింది. 70 దగ్గరపడ్డ మనిషిని పాతికేళ్ల కుర్రవాడిలా నిలబెట్టబోతే, ఫ్యూజన్ ఆగిన చోట పై పూస దగ్గర మళ్లీ గూని దిగుతుంది. పీజేకే అంటారు. ఎముక బలహీనంగా ఉంటే మరీను.

పడుకుంటే 21కి రావడం మంచి కబురు. వెన్ను ఇంకా కదులుతోంది, బిగుసుకుపోలేదు. చిన్న గాట్ల మాట తెచ్చిన సర్జన్ ఊరికే అనలేదు. ఓపెన్ అన్నాయన కూడా ఆ 26ను, 7 సెంటీమీటర్లను చూసే అనుంటారు. ఇలాంటి అంకెల దగ్గరే సర్జన్లకు అభిప్రాయ భేదాలు వస్తాయి, దాన్ని చూసి కంగారు పడకండి.

నాకు కంగారు పుట్టించేది ఆ మైనస్ 2.7. మెత్తని ఎముకలో కేజ్ కుంగుతుంది, స్క్రూ సడలుతుంది. తెచ్చుకున్న ఒంపు మూడు నెలల్లో పోతుంది.

కుదురుమనిషి

ఇక్కడ మాత్రం నేను పూర్తిగా సిస్టర్ పక్షం. మా నాన్నగారికి ముందు టెరిపరాటైడ్ అని రోజూ వేసుకునే ఇంజెక్షన్ కొన్ని నెలలు ఇచ్చి, ఆ తర్వాతే సర్జరీ చేశారు. పొట్ట మీద ఇన్సులిన్ పెన్ లాంటిదానితో ఆయనే వేసుకునేవారు. వాయిదా పడిందని అప్పుడు అందరం విసుక్కున్నాం. స్క్రూలు ఈనాటికీ గట్టిగా ఉన్నాయి.

ఎల్4ఎల్5

విటమిన్ డి కూడా చూపించండి. పొగతాగే అలవాటుంటే మానాలి, నికోటిన్ ఉంటే ఎముక సరిగా అతకదు. షుగర్ ఉంటే ముందే అదుపులోకి తేవాలి.

నా తొడ సంగతి చెప్పడం మరిచాను. సర్జరీ మర్నాడు లేస్తే కుడి తొడ ముందు భాగం మొద్దుబారింది, కాలు మంచం మీదికి ఎత్తుకోలేకపోయాను. పక్షవాతం వచ్చిందనుకొని మా ఆవిడ ఏడ్చేసింది. సోయాస్ కండరం గుండా వెళ్తారు కాబట్టి కొంతమందికి అలా అవుతుందని తర్వాత చెప్పారు. బలం కొన్ని వారాల్లో వచ్చింది. మొద్దు చాలా నెమ్మదిగా తగ్గింది, ఇప్పటికీ అరచేయంత చోట ప్యాంటు తగిలితే తేడాగా ఉంటుంది.

థియేటర్_సిస్టర్

ఆ రిస్క్ ఎల్4, ఎల్5 మధ్య ఎక్కువ, తొడ నరాల గుంపు అక్కడ కాస్త ముందుకు వచ్చి ఉంటుంది. అందుకే సర్జరీ అంతసేపూ నరాలను కరెంటు సంకేతాలతో చూస్తూ ఉంటారు, న్యూరోమానిటరింగ్. అది ఉంటుందా అని తప్పకుండా అడగండి. చాలామందికి తగ్గిపోతుంది, కొద్దిమందికి మిగిలిపోతుంది. దాన్ని దాచి "ఏమీ కాదు" అనే చోట నేనైతే మా వాళ్లను చేర్పించను.

నీలిగోరింట

ఫ్యూజన్ అయ్యాక అమ్మ ఏయే పనులు చేసుకోలేకపోతుంది? ఆవిడకు అదే భయం. ఒకరి మీద ఆధారపడటం అంటే అస్సలు గిట్టదు. ఇంకొకటి, వెనక నుంచి నరం మాత్రం వదులు చేసి, స్క్రూలు లేకుండా పని కానిస్తే చాలదా?

ఫిజియో_అక్క

రెండోది ముందు. వంకర నిలకడగా ఉండి, పూసలు జరగకుండా ఉంటే అది మంచి దారే, చిన్న పనితో పోతుంది. అమ్మగారికి ఎల్3 పక్కకు జరిగి ఉంది. అక్కడ ఎముక కొయ్యడంతో ఆపేస్తే జరుగుడు పెరిగే ప్రమాదం ఉంది. మీ సర్జన్‌ను ఇదే ప్రశ్న అడగండి, ఆయన జవాబు వినాలి.

మొదటిది. నడవడం, మెట్లెక్కడం, వంట, అన్నీ చేసుకుంటారు. నడుము వంగదు కాబట్టి తుంటి దగ్గర, మోకాళ్ల దగ్గర వంగడం నేర్చుకోవాలి. ఇబ్బంది ఎక్కడంటే కాలి గోళ్లు తీసుకోవడం, కింద పడ్డ వస్తువు తీయడం, నేల మీద కూర్చుని లేవడం. ఎవరూ నోరు తెరిచి అడగనిది ఒకటి, బాత్రూమ్‌లో వెనక శుభ్రం చేసుకోవడం. ఫ్యూజన్ పెల్విస్ దాకా వెళ్తే ఇది చాలా కష్టం. ఎల్5 దగ్గరే ఆగితే కొంత వెసులుబాటు ఉంటుంది. హ్యాండ్ షవర్, పొడవు పిడి ఉన్న పట్టకారు సర్జరీకి ముందే తెచ్చి అలవాటు చేయించండి.

మొదటి మూడు నెలలూ వంగడం, బరువెత్తడం, నడుము తిప్పడం ఉండవు. పక్కకు దొర్లి, చేత్తో ఊతం తీసుకొని లేవాలి. ఎముక అతకడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. నొప్పి తగ్గింది కదా అని నాలుగో నెలలో బియ్యం బస్తా జరిపినవాళ్లను చూశాను.

కొత్తమెంబర్_రవ్వ

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అత్తయ్యకు ఇలాంటి సర్జరీ అయిన రెండో రాత్రి నుంచి మనుషుల్ని గుర్తుపట్టడం లేదు, గోడ మీద ఎవరో ఉన్నారంటోంది. మతి పోయిందా?

థియేటర్_సిస్టర్

రవ్వ గారూ, ముందు వార్డులో చెప్పండి, ఇప్పుడే. పెద్దవాళ్లకు పెద్ద సర్జరీ తర్వాత డెలిరియం (ఉన్నట్టుండి మతి తప్పినట్టవడం) రావడం అరుదు కాదు, చాలామందికి రోజుల్లో తగ్గుతుంది. కానీ ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, మూత్రం నిలిచిపోవడం, నొప్పి మందులు ఇలా కారణాలుంటాయి, అవి వాళ్లు వెతకాలి. కళ్లజోడు, వినికిడి యంత్రం ఉంటే పెట్టండి. పగలు కిటికీ తెరవండి, తెలిసిన మనిషి పక్కన ఉండండి. కాళ్లలో బలం తగ్గినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, మూత్రం రాకపోయినా ఆగొద్దు, అది ఎమర్జెన్సీ. ఇది సర్జరీ కానివాళ్లకూ వర్తిస్తుంది.

కొత్తమెంబర్_రవ్వ

చెప్పాను. సోడియం తక్కువగా ఉందట, ఎక్కిస్తున్నారు. థ్యాంక్స్ సిస్టర్.

నీలిగోరింట

అప్‌డేట్. చిన్న గాట్లు అన్న సర్జన్‌ను మళ్లీ కలిశాం, ఈసారి ప్రశ్నలు రాసుకొని వెళ్లాం. ఎల్5, ఎస్1 డిస్క్ బాగానే ఉంది, దాన్ని వదిలేస్తామన్నారు. ఎల్2 నుంచి ఎల్5 దాకా చేస్తారు. న్యూరోమానిటరింగ్ ఉంటుంది. ఒంపు 26 మొత్తం తేబోమని, ఆవిడ వయసుకు సరిపడా తెస్తామని ఆయనే అన్నారు. టీ స్కోర్ చూసి వాయిదా వేశారు. ఎముకల డాక్టర్ దగ్గర ఇంజెక్షన్లు మొదలయ్యాయి, ఆరు నెలల తర్వాత మళ్లీ నిలబెట్టి ఎక్స్‌రే తీసి చూస్తారు. అప్పటికి కాలి నొప్పి భరించగలిగితే అసలు చేయించుకోనంటోంది అమ్మ. ఆ మాట సర్జన్ ముందే అంది. ఆయన సరేనన్నారు.

ఫిల్ముల_మనిషి

ఆ ఎక్స్‌రేకు వెళ్లినప్పుడు మోకాళ్లు వంచకుండా నిలబడమనండి. పిడికిళ్లు రెండూ మెడ కింది ఎముకల మీద ఆన్చాలి, దేన్నీ పట్టుకోకూడదు. స్టాండు పట్టుకొని నిలబడితే ముందుకు ఒరగడం దాగిపోయి అంకెలు బాగున్నట్టు కనిపిస్తాయి. ఇప్పటి సీడీ పారేయకుండా వెంట తీసుకెళ్లండి, ఒకే చోట తీయిస్తే పోల్చడం తేలిక.